వెబ్‌సైట్ దేంట్లో కట్టాలి, జనాన్ని దేంతో రప్పించాలి: దిగే ముందే బయటపడే దారి చూసుకోండి

"వర్డ్‌ప్రెస్ మంచిదా, విక్స్ మంచిదా?" సైట్ పెడదామనుకున్న ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న ఇదే, రెండూ సైట్ కట్టుకునే పరికరాలే. దానికి నేను తిరిగి ఒకటే అడుగుతాను: రెండేళ్ల తర్వాత ఏదో కారణంతో దాన్ని వదిలేయాల్సి వస్తే మీతో పాటు ఏమేం బయటికి వస్తాయి? చాలామంది దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే అమ్మేవాళ్లెవరూ ఆ సంగతి ఎత్తరు, వాళ్ల పేజీల నిండా ఎంత తొందరగా మొదలుపెట్టొచ్చో, ఎన్ని టెంప్లేట్లున్నాయో అవే ఉంటాయి.

నాకిది దెబ్బ తిన్నాకే తెలిసింది. మొదట్లో కోడ్ రాయకుండా సైట్ కట్టుకునే ఒక రెడీమేడ్ బిల్డర్‌లో సైట్ పెట్టాను, పేరెందుకులెండి, డొమైన్ (సైట్‌కి సొంత చిరునామా) కూడా కొనకుండా వాళ్లు ఊరికే ఇచ్చిన సబ్‌డొమైన్ (వాళ్ల చిరునామాలోనే ఒక ముక్క) మీదే నడిపాను. వందకు దగ్గరగా వ్యాసాలు రాశాక నాకు కావలసిన సదుపాయం ఒకటి అందులో లేదని తేలింది. సరే, మారిపోదామని చూస్తే ఎక్స్‌పోర్ట్ బటనే లేదు. ఒక్కో వ్యాసం కాపీ చేసి కొత్త చోట అతికించుకుంటూ, ఫొటోలు విడిగా దించుకుంటూ దాదాపు నెల రోజులు కూర్చున్నాను. అదంతా ఒక ఎత్తు, చిరునామాలు పోవడం ఒక ఎత్తు. సబ్‌డొమైన్ వాళ్లది కాబట్టి పాత పేజీకి వచ్చినవాళ్లను కొత్త పేజీకి మళ్లించే దారే లేకపోయింది. గూగుల్ నుంచి రోజూ వచ్చే జనం సున్నాకి పడిపోయారు, మళ్లీ మొదటి నుంచి మొదలు.

ఆ రోజు నుంచి బిల్డర్‌కైనా, డిజైనర్‌కైనా, ప్రకటనలకైనా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటున్నాను. కింది పోలికంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

డొమైన్ దగ్గర మాత్రం పోలికేమీ లేదు

సొంత డొమైన్ తీసుకోండి, మీ ఖాతాలో, మీ పేరు మీదే తీసుకోండి. ఇందులో రెండో మాట లేదు. బిల్డర్ రేపు మూతపడినా, హోస్టింగ్ వాళ్లతో, అంటే సైట్ ఫైళ్లు ఉండే సర్వర్ అద్దెకిచ్చేవాళ్లతో గొడవైనా, డొమైన్ మీ చేతిలో ఉంటే దాన్ని ఇంకో చోటికి తిప్పేసుకోవచ్చు, వచ్చేవాళ్లకు తేడా కూడా తెలియదు. చాలామంది డిజైనర్లు "అన్నీ మేమే చూసుకుంటాం" అంటూ డొమైన్ తమ ఖాతాలో కొనేస్తారు. అందులో దురుద్దేశమే ఉండక్కర్లేదు, వాళ్లు ఈ పని మానేసి ఎక్కడో ఉద్యోగంలో చేరి ఫోన్ ఎత్తడం మానేస్తే చాలు. నాకు తెలిసిన ఒకాయన సైట్ అలాగే రెన్యువల్ తేదీ దాటిపోయి ఆగిపోయింది. రిజిస్ట్రార్‌ని, అంటే డొమైన్ అమ్మిన కంపెనీని అడిగితే ఖాతా మీ పేరు మీద లేదు కదా అన్నారు. వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

హోస్టింగ్‌తో కలిపి మొదటి ఏడాది ఉచితంగా డొమైన్ ఇస్తారు, తీసుకోవద్దని అనను, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో మాత్రం ముందే చూడండి, పెద్దక్షరాల్లో కనిపించేది మొదటి ఏడాది రేటే. ఇంకో చోటికి మార్చాలంటే ఆథ్ కోడ్ అని ఒకటి కావాలి, అది మీ ఖాతాలోంచి మీరే తీసుకోగలగాలి. కొత్తగా కొన్న డొమైన్‌ని మామూలుగా 60 రోజుల దాకా మార్చనివ్వరు, కాబట్టి కొన్న వారానికే మనసు మారితే కాస్త ఆగాల్సిందే.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. రిజిస్ట్రార్ ఖాతాకి ఆ డొమైన్ మీదే నడిచే ఈమెయిల్ ఇవ్వకండి. డొమైన్ గడువు దాటి ఆగిపోయిందంటే దాంతో పాటు మెయిల్ కూడా ఆగిపోతుంది. అప్పుడు రెన్యువల్ హెచ్చరికలూ రావు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ రాదు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే. వేరే మెయిల్ ఇవ్వండి, ఆటో రెన్యువల్ పెట్టండి, కార్డు గడువు తీరినప్పుడు అక్కడ కూడా మార్చడం మర్చిపోకండి.

కట్టుకునే పద్ధతులు: ఎవరికి ఏది

స్థూలంగా దారులు నాలుగు. విక్స్, స్క్వేర్‌స్పేస్ లాంటి బిల్డర్లు, వర్డ్‌ప్రెస్, అమ్మకాలకైతే షాపిఫై లాంటివి, ఇక స్టాటిక్ సైట్లు. పూర్తిగా కోడ్ రాయించుకునే దారి కూడా ఉందిగానీ, మీ వ్యాపారమే ఒక సాఫ్ట్‌వేర్ అయితే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. రాసినవాళ్లు వెళ్లిపోయాక ఆ కోడ్ విప్పి చూడటానికి వచ్చిన ప్రతి కొత్త ప్రోగ్రామరూ మొదట అనే మాట "ఇదంతా తీసేసి మళ్లీ రాయాలండీ" అని.

బిల్డర్లతో మొదలుపెడతాను, ఎందుకంటే వీటిని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది, నాకు దెబ్బ తగిలినా సరే నేను పూర్తిగా తిట్టను. ఐదారు పేజీల సైట్, మీరెవరో, ఏం చేస్తారో, ఎలా సంప్రదించాలో చెప్పేది, నెలకోసారి కూడా మార్చనిది అయితే బిల్డరే నయం. అప్‌డేట్లు, భద్రత, బ్యాకప్ అన్నీ వాళ్ల తలనొప్పి. ఐదు పేజీలే కాబట్టి రేపు వదిలేయాల్సి వచ్చినా ఒక సాయంత్రం కూర్చుంటే కొత్త చోట తిరిగి కట్టేయొచ్చు. చిక్కు పేజీలు పెరిగినప్పుడు వస్తుంది. విక్స్‌లో కట్టిన సైట్‌ని బయటి హోస్టింగ్‌కి తీసుకెళ్లే వీలు లేదని వాళ్ల సహాయ పేజీల్లోనే రాసి ఉంటుంది. సరుకుల జాబితా, కాంటాక్టులు ఫైలుగా దించుకోవచ్చు, సైట్ మాత్రం రాదు. దాని మామూలు ఎడిటర్‌లో ఒకసారి టెంప్లేట్ ఎంచుకుని కట్టాక ఇంకో టెంప్లేట్‌కి మారడం కూడా కుదరదు, కొత్తగా మొదలెట్టాల్సిందే. స్క్వేర్‌స్పేస్ కొంత నయం, బ్లాగు పోస్టులు, మామూలు పేజీలు వర్డ్‌ప్రెస్ చదవగలిగే ఫైలుగా ఇస్తుంది, అన్ని రకాల పేజీలూ అందులో రావనుకోండి. వందల వ్యాసాలు రాద్దామనుకునేవాళ్లు బిల్డర్ జోలికి పోకపోవడమే మంచిది.

పూర్తి ఉచితం అనే వాటి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో (సెర్చ్‌లో, మ్యాప్స్‌లో కనిపించే వ్యాపార వివరాలు) పాటు చిన్న సైట్ ఒకటి ఉచితంగా కట్టుకునే వీలు ఉండేది, చాలా చిన్న వ్యాపారాలకు అదే సైట్. 2024 మార్చిలో గూగుల్ వాటిని ఆపేసింది. అంతకు ముందెప్పుడో 2009లో జియోసిటీస్ అనే ఉచిత సైట్ల సేవ మూతపడ్డప్పుడూ ఇదే కథ. అప్పటికి సొంత డొమైన్ ఉన్నవాళ్లు దాన్ని ఇంకో చోటికి తిప్పుకుని గట్టెక్కారు, లేనివాళ్ల చిరునామా పోయింది.

వర్డ్‌ప్రెస్ గురించి మాట్లాడే ముందు అది రెండు రకాలని గుర్తుంచుకోండి, దీని దగ్గరే సగం మంది తికమకపడతారు. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్, దాన్ని దించుకుని మీకు నచ్చిన హోస్టింగ్‌లో మీరే పెట్టుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది అదే సాఫ్ట్‌వేర్ మీద ఒక కంపెనీ నడిపే సేవ, అక్కడ ఏం చేయగలరో మీరు తీసుకున్న ప్లాన్‌ని బట్టి ఉంటుంది. యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన ప్లగిన్ (అదనపు సదుపాయం కోసం చేర్చుకునే సాఫ్ట్‌వేర్ ముక్క) మీ దగ్గర కనిపించడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే.

సొంతంగా పెట్టుకునే వర్డ్‌ప్రెస్‌కి నా కొలతలో ఎక్కువ మార్కులు. ఫైళ్లు, డేటాబేస్ రెండూ కాపీ తీసుకుంటే మొత్తం సైట్ మీ కంప్యూటర్‌లో ఉన్నట్టే, ఏ హోస్టింగ్‌లోనైనా మళ్లీ నిలబెట్టొచ్చు. ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా దీని మీదే నడుస్తున్నాయి కాబట్టి ఒక డిజైనర్ పోతే ఇంకొకరు దొరుకుతారు. అయితే దీనికి చాకిరీ ఉంది, అది ఎవరూ గట్టిగా చెప్పరు. థీమ్ (సైట్ రూపాన్ని నిర్ణయించేది), ప్లగిన్లు, అసలు సాఫ్ట్‌వేర్ అన్నీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. హ్యాక్ అయిన వర్డ్‌ప్రెస్ సైట్లలో ఎక్కువ శాతం అప్‌డేట్ చేయని ప్లగిన్ ద్వారానే పోతాయి, అసలు సాఫ్ట్‌వేర్‌లో లోపం వల్ల పోయేవి తక్కువ. 2020 నుంచి ప్లగిన్లకు కూడా ఆటో అప్‌డేట్ పెట్టుకునే వీలు వచ్చింది, పెట్టుకోండి, కానీ దానికి ముందు రోజువారీ బ్యాకప్ ఉందో లేదో చూసుకోండి. ఏదో ఒక రోజు అప్‌డేట్ అయిన తర్వాత సైట్ తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. కనిపించకపోతే మీ అదృష్టం.

వర్డ్‌ప్రెస్ లోపల కూడా ఇరుక్కునే చోట్లున్నాయి. పేజ్ బిల్డర్ ప్లగిన్లు వాడితే డ్రాగ్ చేసి అందంగా కట్టేయొచ్చు, సందేహం లేదు. కానీ వాటిలో కొన్నింటిని తీసేసిన రోజున పేజీల్లో మీరు రాసిందానికి బదులు చదరపు బ్రాకెట్ల మధ్య షార్ట్‌కోడ్ ముక్కలు కనిపిస్తాయి. కొనే ముందు ఒక ప్రయోగం చేయండి: ఖాళీ సైట్‌లో ఒక పేజీ కట్టి, ఆ ప్లగిన్ ఆపేసి, పేజీ తెరిచి చూడండి. రూపం పోయినా మాటలు మిగిలితే పర్వాలేదు. మాటలే చదవడానికి రాకపోతే అది వద్దు. నా మటుకు నేను వర్డ్‌ప్రెస్‌తో వచ్చే బ్లాక్ ఎడిటర్‌తోనే సరిపెట్టుకుంటాను, కాస్త తక్కువ హంగులు, ఎక్కువ నిద్ర.

అమ్మకాలకు షాపిఫై, వూకామర్స్ మధ్య అడుగుతారు. వూకామర్స్ వర్డ్‌ప్రెస్ ప్లగినే, కాబట్టి పైన చెప్పిన లాభాలూ చాకిరీ రెండూ వర్తిస్తాయి, పైగా డబ్బు చేతులు మారే సైట్ కాబట్టి చాకిరీ రెట్టింపు. మధ్యరాత్రి చెక్‌అవుట్ పనిచేయకపోతే చూసే మనిషి మీ దగ్గర ఉన్నారా? లేకపోతే షాపిఫైకే వెళ్లండి, ఇక్కడ నేను నా సొంత సూత్రాన్ని కాస్త సడలిస్తాను. సరుకులు, కొనుగోలుదార్ల జాబితా సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) బయటికి వస్తాయి, అమ్మకాల సైట్‌కి అసలు ఆస్తి అదే. థీమ్ రాదు, అది వాళ్ల సొంత టెంప్లేట్ భాషలో ఉంటుంది, మరో చోట పనికి రాదు. పేజీల చిరునామాలు కూడా వాళ్ల పద్ధతిలోనే ఉండాలి, ప్రతి సరుకు చిరునామాలోనూ ప్రొడక్ట్స్ అన్న ముక్క తప్పదు, కాబట్టి మారే రోజున దారి మళ్లింపుల జాబితా పొడుగ్గా ఉంటుందని ముందే తెలుసుకుని దిగండి. ఇంకో జాగ్రత్త: నెలవారీ చందాకి తోడు యాప్‌ల చందాలు ఒక్కొక్కటిగా చేరుతూ పోతాయి. మూడు నెలలకోసారి ఆ జాబితా తెరిచి వాడనివి తీసేయండి.

స్టాటిక్ సైట్లంటే హ్యూగో, జెకిల్ లాంటి పరికరాలతో తయారయ్యేవి. మీరు రాసేది మామూలు టెక్స్ట్ ఫైలు, అవి దాన్ని హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చి పెడతాయి. డేటాబేస్ లేదు, లాగిన్ పేజీ లేదు, కాబట్టి హ్యాక్ చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు, వేగం సంగతి చెప్పక్కర్లేదు. బయటపడే దారి విషయంలో దీన్ని మించింది లేదు, ఫోల్డర్ ఒకటి కాపీ చేసుకుంటే అయిపోయింది. మరి అందరికీ ఇదే ఎందుకు చెప్పను? టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే తెర) అంటే భయం లేని మనిషి ఒకరు ఇంట్లోనో ఆఫీసులోనో ఉండాలి, లేకపోతే ఒక ఫోన్ నంబర్ మార్చడానికి కూడా ఎవరినో బతిమాలుకోవాలి. ఇంకొకటి, స్టాటిక్ సైట్లు పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్ ఉచితం కదా అని దుకాణం అక్కడ పెట్టేస్తుంటారు, ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి దాన్ని వాడకూడదని వాళ్ల నియమాల్లోనే ఉంది. వ్యక్తిగత సైట్‌కి, ప్రాజెక్టు పేజీకి భేషుగ్గా ఉంటుంది.

హోస్టింగ్ గురించి ఎక్కువ చెప్పను. కొత్త సైట్‌కి షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) చాలు, జనం పెరిగాక మారొచ్చు. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కి (సైట్‌కీ బ్రౌజర్‌కీ మధ్య సమాచారాన్ని గుప్తంగా ఉంచేది) విడిగా డబ్బు అడిగితే మాత్రం ఎందుకని నిలదీయండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ వచ్చాక అది ఉచితంగానే దొరుకుతోంది, మంచి హోస్టింగ్‌లన్నీ దాన్ని వాటంతటవే పెట్టేస్తాయి. అది లేని సైట్లకు 2018 జూలై నుంచి క్రోమ్ చిరునామా పక్కన "సురక్షితం కాదు" అని చూపిస్తోంది, కాబట్టి ఎలాగూ లేకుండా కుదరదు.

డిజైన్: రెడీమేడ్ టెంప్లేటా, ప్రత్యేకంగా చేయించడమా

మొదటి సైట్‌కి టెంప్లేటే. ఎందుకంటే మీ సైట్‌కి వచ్చేవాళ్లు ఏం వెతుకుతున్నారో మీకే ఇంకా తెలియదు. ఏడాది నడిపాక, ఏ పేజీకి ఎక్కువ మంది వస్తున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది చూశాక చేయించుకునే డిజైన్‌కీ, ఊహ మీద చేయించుకున్న దానికీ చాలా తేడా ఉంటుంది. డెమోలో పెద్ద పెద్ద ఫొటోలు చూసి టెంప్లేట్ ఎంచుకోకండి, ఆ ఫొటోలు మీ దగ్గర ఉండవు. ఫొటోలన్నీ తీసేస్తే ఆ పేజీలో ఏం మిగులుతుందో చూడండి, అక్షరాలు చదవడానికి హాయిగా ఉన్నాయా, మెనూ ఫోన్‌లో ఒక బొటనవేలితో అందుతోందా, అవి చూడండి.

ఫోన్ మాట ఎందుకంటే గూగుల్ ఇప్పుడు మీ సైట్‌ని ఫోన్‌లో కనిపించే రూపాన్నే చూసి లెక్కలోకి తీసుకుంటుంది. 2016లో ప్రకటించిన ఈ మార్పు పూర్తయిందని 2023లో చెప్పింది. కంప్యూటర్‌లో కనిపించే పేరా ఫోన్ రూపంలో అసలు లేకపోతే గూగుల్‌కి కూడా అది లేనట్టే. డిజైనర్ మీకు పెద్ద స్క్రీన్ మీద డిజైన్ చూపించి ఓకే చేయించుకుంటారు, ఫోన్‌ది చివర్లో హడావిడిగా అవుతుంది. ఫోన్‌దే ముందు చూపించమని అడగండి, మొహమాటపడకండి.

వేగానికి గూగుల్ మూడు కొలతలు పెట్టింది. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, పేజీ తెరుచుకుంటూ ఉండగా వస్తువులు కిందికీ పైకీ గెంతకూడదు, ఆ గెంతుల లెక్క 0.1 దాటకూడదు. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో సైట్ చిరునామా ఇస్తే చూపిస్తుంది. అక్కడ నూటికి నూరు రావాలని టెన్షన్ పడేవాళ్లున్నారు, అంత అక్కర్లేదు. పైభాగంలో నిజంగా వచ్చినవాళ్ల అనుభవం లెక్క ఉంటే అదే చూడండి, కింద రంగు రంగుల స్కోరు ఒక్క పరీక్ష ఫలితమే. చాలా సైట్లలో నెమ్మదికి కారణం ఒకటే, కెమెరాలోంచి తీసిన ఫొటో తీసినట్టే ఎక్కించేయడం. వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో రకంలోకి మార్చి, కనిపించే సైజుకి కుదించి పెడితే సగం సమస్య తీరిపోతుంది. హోం పేజీలో తిరిగే స్లైడర్ పెట్టమని అడిగే ప్రతి క్లయింట్‌కీ నేను ఒకటే చెబుతాను, మూడో స్లైడ్‌లో ఏముందో మీరు వాడే ఏ సైట్‌దైనా చెప్పండి, పెట్టేస్తాను. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

లేత బూడిద రంగు అక్షరాలు తెల్ల నేపథ్యం మీద పెట్టడం కూడా ఒక జబ్బు. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5కి 1 తేడా ఉండాలని డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు (సైట్లు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టినవి) చెబుతాయి. ఎండలో ఫోన్ పట్టుకుని చదివి చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

డిజైనర్‌తో పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా తీసుకోవలసినవి కొన్ని: అడ్మిన్ లాగిన్ మీ పేరు మీద ఉంటుందా, అసలు డిజైన్ ఫైళ్లు ఇస్తారా, కొన్న థీమ్, ఫాంట్ల లైసెన్సు ఎవరి పేరు మీద. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. డిజైనర్ లైసెన్సు మీద నడిచే థీమ్‌కి, ఆయనతో సంబంధం తెగిన రోజు నుంచి అప్‌డేట్లు ఆగిపోతాయి, అప్‌డేట్లు ఆగితే ఏమవుతుందో పైన చెప్పాను.

జనాన్ని రప్పించడం: ప్రకటనలా, ఎస్ఈఓనా, సోషల్ మీడియానా, ఈమెయిలా

ఇక్కడ కూడా అదే ప్రశ్న, డబ్బు పెట్టడం ఆపిన మర్నాడు ఏం మిగులుతుంది?

ప్రకటనలు ఆపితే ఏమీ మిగలదు. అలాగని అవి వద్దని కాదు, కొత్త సైట్‌కి మొదటి వారంలోనే మనుషుల్ని తెచ్చేవి అవే. అయితే సెర్చ్ ప్రకటనకీ సోషల్ మీడియా ప్రకటనకీ పని వేరు. మీరు అమ్మేదాన్ని జనం ఇప్పటికే వెతుకుతున్నారనుకోండి, గూగుల్ సెర్చ్ ప్రకటన సరైనది. అలాంటిది ఒకటుందనే ఎవరికీ తెలియకపోతే దాన్ని ఎవరూ వెతకరు, అప్పుడు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కళ్లకు కనపడేలా పెట్టాలి. ఈ ఒక్క తేడా చూసుకోకుండా రెండింటికీ సగం సగం పంచేవాళ్లు రెండు చోట్లా పోగొట్టుకుంటారు.

గూగుల్ యాడ్స్‌లో మీరు ఏమీ మార్చకుండా వదిలేస్తే అది మీ డబ్బుని ఉదారంగా ఖర్చు చేస్తుంది. కీవర్డ్ (జనం వెతికే మాట) మామూలుగా ఇస్తే బ్రాడ్ మ్యాచ్‌గా, అంటే దానికి కాస్త సంబంధమున్న వెతుకులాటలన్నింటికీ తీసుకుంటుంది. ఆన్‌లైన్‌లో గిటార్ నేర్పేవారు "గిటార్ క్లాసులు" అని ఇస్తే, పాత గిటార్ అమ్మేవాళ్లూ, ఉచిత పాఠాలు వెతికేవాళ్లూ కూడా నొక్కిపోతారు, ప్రతి నొక్కుకీ డబ్బు మీదే. మొదట మీరిచ్చిన మాటకు దగ్గరగా ఉన్నవాటికే చూపించే ఎగ్జాక్ట్, ఫ్రేజ్ మ్యాచ్‌లతోనే మొదలుపెట్టండి, వారానికోసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిచి జనం నిజంగా ఏం టైప్ చేసి వచ్చారో చూసి, పనికిరానివాటిని నెగెటివ్ కీవర్డ్‌లలో (ప్రకటన చూపించొద్దని చెప్పే మాటలు) వేసేయండి. ప్రాంతం దగ్గర కూడా చూడండి, ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లతో పాటు దాని మీద ఆసక్తి ఉన్నవాళ్లకు కూడా చూపించమనే ఎంపిక ముందే పెట్టి ఉంటుంది. ఫోన్ చేయడమో, ఫారం నింపడమో, కొనడమో ఏదో ఒకటి కన్వర్షన్‌గా లెక్కపెట్టే ఏర్పాటు లేకుండా మాత్రం ఒక్క రోజు కూడా ప్రకటన నడపకండి. ఎన్ని క్లిక్కులొచ్చాయో చూసి మురిసిపోవడానికి తప్ప ఆ ఖర్చు ఎందుకూ పనికిరాదు. ఫేస్‌బుక్‌లో పోస్ట్ కింద కనిపించే బూస్ట్ బటన్ కూడా అలాంటిదే. లైకులు కావాలంటే బూస్ట్, అమ్మకాలు కావాలంటే యాడ్స్ మేనేజర్.

ప్రకటన ఖాతా ఏజెన్సీ పేరు మీద తెరవనివ్వకండి. ఖాతా మీది, వాళ్లకు యాక్సెస్ మాత్రమే ఇవ్వాలి. ఏజెన్సీ మారినప్పుడు ఏ కీవర్డ్ పనిచేసింది, ఏది చేయలేదు అన్న చరిత్రంతా వాళ్లతో వెళ్లిపోతే, అదే పాఠం మీరు మళ్లీ డబ్బిచ్చి నేర్చుకోవాలి.

ఎస్ఈఓ, అంటే డబ్బు కట్టకుండా గూగుల్ ఫలితాల్లో పైకి వచ్చేలా సైట్‌ని దిద్దుకోవడం, ప్రకటనలకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. మొదట్లో ఏమీ రాదు, తర్వాత ఆపినా చాలాకాలం వస్తూనే ఉంటుంది. ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పట్టొచ్చని గూగుల్ వాళ్లే చెప్పారు. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని కూడా వాళ్లే రాశారు, కాబట్టి నెలలో మొదటి పేజీకి తెస్తామని ఫోన్ చేసేవాళ్లకు నమస్కారం చెప్పి ఫోన్ పెట్టేయండి. ఎవరికైనా పని ఇచ్చే ముందు రెండు చిన్న పరీక్షలు పెట్టొచ్చు. మెటా కీవర్డ్స్ ట్యాగ్ (పేజీ కోడ్‌లో కనిపించకుండా ఉండే మాటల జాబితా) నింపుతామని చెబితే వాళ్ల పరిజ్ఞానం పాతదని అర్థం, ర్యాంకింగ్‌కి దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. నెలకు ఇన్ని వందల బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ సైట్‌కి లింకులు) అని లెక్క చెబితే లేచి వచ్చేయండి, 2012లో వచ్చిన గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్‌తో కొన్న లింకుల మీద నిలబడ్డ సైట్లు కుప్పకూలాయి, లింకులు కొనకూడదన్న నియమం ఇప్పటికీ ఉంది. మీ సైట్ పాడైతే ఏజెన్సీకి ఒక క్లయింట్ పోతారు, మీకు డొమైనే పోతుంది.

సొంతంగా చేసుకునేవాళ్లకు గూగుల్ సెర్చ్ కన్సోల్ ఒక్కటి చాలు, ఉచితం. అందులో మీ పేజీ ఏ మాటలకు చాలాసార్లు కనిపిస్తున్నా ఎవరూ నొక్కడం లేదో తెలుస్తుంది. ఆ పేజీ శీర్షిక మార్చి, ఆ ప్రశ్నకి మొదటి పేరాలోనే సూటిగా జవాబు రాయండి. కొత్త పేజీలు పది రాయడం కన్నా ఇది తక్కువ శ్రమ, ఎక్కువ ఫలితం.

సోషల్ మీడియా ఒకరి స్థలంలో డేరా వేసుకోవడం. పొట్టి వీడియోల యాప్ వైన్ 2017లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి, అక్కడ కూడబెట్టుకున్న ఫాలోవర్లు వాటితోనే పోయారు. మూతపడక్కర్లేదు కూడా, వాళ్ల అల్గారిదం కాస్త మారితే నిన్నటిదాకా వేలమందికి చేరిన పోస్టు రేపు మీ చుట్టాలకే చేరుతుంది. అన్ని చోట్లా ఉండాలని తాపత్రయపడకుండా, మీ కొనుగోలుదార్లు ఎక్కువగా ఉండే ఒక్కచోట బాగా చేయండి, అక్కడి నుంచి వాళ్లను సైట్‌కీ, ఈమెయిల్ జాబితాకీ తీసుకురండి.

ఈమెయిల్ పాత చింతకాయ పచ్చడి అంటారు, నేను మాత్రం దానికే ఓటేస్తాను. జాబితా ఒక సీఎస్‌వీ ఫైలు, ఏ సేవలోనుంచైనా దించి ఇంకో సేవలో ఎక్కించొచ్చు. వంద మంది తమంతట తాము చేరిన జాబితా, కొన్న పదివేల జాబితా కన్నా మేలు, కొన్నదాంతో స్పామ్ ఫిర్యాదులొచ్చి మీ డొమైన్‌కే చెడ్డపేరు వస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు బిగించాయి. మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు డొమైన్‌లో పెట్టుకోవాలి, చందా వదులుకునే బటన్ ఒక్క నొక్కుతో పనిచేయాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు ఇవన్నీ తప్పనిసరి, కానీ చిన్నవాళ్లు కూడా ఆ మూడు రికార్డులు పెట్టుకోవడం మంచిది. పెట్టకపోతే మెయిల్ వెళ్లినట్టే ఉంటుంది, స్పామ్‌లో పడి ఉంటుంది.

అయితే ఈమెయిల్ ఒక్కటే సరిపోదు, జాబితాలోకి మనుషులు ఎక్కడినుంచో రావాలి కదా. నేను చెప్పే వరుస ఇది: మొదటి రోజు నుంచే సైట్‌లో జాబితా ఫారం, మొదటి మూడు నెలలు కొద్దిపాటి సెర్చ్ ప్రకటనలు, ఆ ప్రకటనల్లో బాగా పనిచేసిన మాటల మీద వ్యాసాలు. ఏ మాట టైప్ చేసినవాళ్లు నిజంగా కొంటారో ప్రకటన వారాల్లో చెప్పేస్తుంది, ఎస్ఈఓకి అదే తెలియడానికి నెలలు పడుతుంది. వ్యాసాలు గూగుల్‌లో పైకి వచ్చాక ఆ మాటల మీద ప్రకటన తగ్గించుకుంటూ వెళ్లొచ్చు.

సైట్‌కి ఎందరు వస్తున్నారన్న లెక్కలు కూడా బయటికి తీసి పెట్టుకోండి. గూగుల్ పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జూలైలో లెక్కపెట్టడం ఆపేసింది, ఏడాది తర్వాత పాత లెక్కలు చూసే వీలు కూడా తీసేసింది. ఏళ్ల తరబడి లెక్కలు దాచుకున్నవాళ్లలో దించుకోనివాళ్లకు ఏమీ మిగల్లేదు. నెలకోసారి ముఖ్యమైన నాలుగు అంకెలు ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసుకున్నా చాలు. పూర్తిగా మీ చేతిలోనే ఉండాలంటే మటోమో అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీ హోస్టింగ్‌లోనే పెట్టుకోవచ్చు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు

ఇదంతా చదివి "మా సైట్ ఇప్పటికే బిల్డర్‌లో ఉంది, పేజీలు రెండొందలు" అనేవాళ్లు కంగారుపడి రేపే మార్చకండి. సైట్ బాగా నడుస్తుంటే ఇప్పుడు చేయాల్సింది రెండే, సబ్‌డొమైన్ మీద ఉంటే సొంత డొమైన్‌కి మార్చుకోవడం, రాసే ప్రతి వ్యాసం ఒక కాపీ మీ కంప్యూటర్‌లో ఉంచుకోవడం.

మార్చే రోజు వచ్చినప్పుడు పాత చిరునామాలన్నీ ఒక జాబితాగా తీసి, ప్రతిదానికీ ఎదురుగా కొత్త చిరునామా రాసి, 301 రీడైరెక్ట్ (పాతదాని నుంచి కొత్తదానికి శాశ్వత దారి మళ్లింపు) పెట్టండి. అన్నింటినీ కలిపి హోం పేజీకి తోసేయకండి, పలానా పేజీ కోసం వచ్చినవాళ్లు ముందు గుమ్మం దగ్గర దిగితే వెనక్కే వెళ్లిపోతారు. ఆ రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది, నేనైతే అసలు తీయను. కొత్త సైట్ నిలబడ్డాక పాత హోస్టింగ్‌ని వెంటనే రద్దు చేయకుండా ఒక నెల ఆగండి, ఈలోపు మీ ఈమెయిల్ పెట్టెలు కూడా ఆ పాత హోస్టింగ్‌లోనే ఉన్నాయేమో చూసుకోండి. సైట్ ఒక్కటే తరలించి హోస్టింగ్ రద్దు చేసి, మర్నాడు ఐదేళ్ల మెయిళ్లు మాయమయ్యాయని ఏడ్చినవాళ్లను నేను ఇద్దరిని చూశాను.